మొండితనం కాదమ్మా, కాస్త ఆగి చూడండి

పిల్లల డాక్టరమ్మ జవాబులు

1991లో కోనసీమలో ఆసుపత్రి పెట్టుకున్నప్పటి నుంచి నా దగ్గరికి జ్వరాలు, విరోచనాలు, ఆయాసం ఎంత వచ్చాయో, "మాట వినడు" అన్న ఫిర్యాదూ అంతే వచ్చింది. మొదటి పదేళ్ళూ ఆ ఫిర్యాదుని నేను రోగంగా తీసుకోలేదు. టానిక్కు రాసి, తల్లికి నాలుగు మాటలు చెప్పి పంపేదాన్ని. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి కాస్త నిదానంగా జవాబు రాయాలనిపించింది.

*

"మాది సఖినేటిపల్లి మండలంలో సముద్రం ఒడ్డు ఊరండి. మా ఆయన వేటకెళ్తాడు. బాబుకి ఏడేళ్ళు. బళ్ళో కుదురుగా కూర్చోడని, పక్కపిల్లల్ని గిల్లుతాడని, నిన్న చెప్పింది ఇవాళ మర్చిపోతాడని మేష్టారు కబురు పెడుతున్నారు. ఆ కబురు వచ్చినప్పుడల్లా వాళ్ళ నాన్న బెల్టు తీస్తాడు. వేట లేని రెండు నెలలూ ఆయన వల బాగుచేసుకుంటూ ఇంట్లోనే సీసం కరిగించి, వలకు బరువుగా కట్టే గుళ్ళు పోస్తాడు. పిల్లాడు పక్కనే కూర్చుంటాడు. దానికీ దీనికీ ఏమన్నా ఉందేమో కనుక్కోమని మా ఊరి ఆశా చెప్పింది. ఉంటుందా డాక్టరమ్మగారూ?"

ముందు ఆ ఆశా కార్యకర్తకు నా నమస్కారం చెప్పమ్మా. అడగాల్సిన ప్రశ్న అడిగింది.

సంబంధం ఉండొచ్చు. ఉందో లేదో తేల్చేది రక్తపరీక్షే. అయితే నీ ఉత్తరంలో ఒక సంగతి నన్ను పట్టుకుంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మగవాళ్ళు ఇంటిపట్టున ఉండి వలలు కట్టుకునేది అప్పుడే. పిల్లలకు వేసవి సెలవులూ అప్పుడే. ఏడాది మొత్తంలో ఇంట్లో సీసం ఎక్కువగా కరిగే రోజుల్లోనే పిల్లాడు రోజంతా ఇంట్లో ఉంటున్నాడన్నమాట. జూన్‌లో బడి తెరుస్తారు. మేష్టారి కబుర్లు ఏ నెలల్లో ఎక్కువ వస్తున్నాయో ఒకసారి గుర్తు చేసుకో.

సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల పొయ్యి చాలు. మంట ఎక్కువైతే ఆవిరి లేస్తుంది. అది చల్లారి, కంటికి ఆనని దుమ్మై నేల మీద, మంచం మీద, మూత పెట్టని అన్నం గిన్నెలో పడుతుంది. పైన తేలిన తెట్టు తీసి గుమ్మం పక్కన పారబోస్తే అదీ దుమ్మే అవుతుంది. పిల్లాడు నేల మీద ఆడి ఆ చేత్తోనే తింటాడు. కడుపులోకి పోయిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేది పదో వంతు. చిన్నపిల్లల ఒంటికి దాదాపు సగం పడుతుంది. మన ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకుని లోపలికి రానిస్తుంది, ఎముకలో దాచుకుంటుంది, మెదడులోకీ పంపుతుంది. అక్కడ ఒక కణం ఇంకో కణానికి కబురు అందించడానికి కాల్షియం కావాలి. ఆ చోట సీసం కూర్చుంటే కబురు తప్పిపోతుంది. నిన్న నేర్చుకున్నది నిలబడాలన్నా, చెయ్యి లేచేలోపు ఒక్క క్షణం ఆగాలన్నా ఆ కబుర్లు సరిగ్గా నడవాలి.

మేష్టారి మాట విన్నప్పుడు నాకు అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టరు చేసిన పని గుర్తొచ్చింది. మనం ఊడిన పాలపన్ను పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసురుతాం కదా, ఆయన ఆ పాలపళ్ళే అడిగి తీసుకున్నాడు. బోస్టన్ పక్క ఊళ్ళలో ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల పళ్ళు పోగుచేసి వాటిలో సీసం కొలిచాడు. ఆ పిల్లల గురించి పంతులమ్మల్ని అడిగాడు: ధ్యాస నిలుస్తుందా, చెప్పిన పని పూర్తి చేస్తాడా, తొందరపడతాడా అని. ఏ పిల్లాడి పంట్లో ఎంత సీసముందో పంతులమ్మలకు తెలియదు. అయినా పంట్లో సీసం పెరిగిన కొద్దీ వాళ్ళ ఫిర్యాదులూ పెరిగాయి. ఇది 1979లో అచ్చయింది. వాళ్ళెవరూ సీసం తగిలి మంచాన పడ్డ పిల్లలు కారు. చూడటానికి మామూలు పిల్లలే, మీ బాబులాగే.

ఇక బెల్టు సంగతి. నీ భర్త చెడ్డవాడని నేననుకోను. మేష్టారి దగ్గర తల దించుకోవాల్సి వస్తే ఏ తండ్రికైనా రోషం వస్తుంది. కానీ ఈ మాట ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించు. భయం కలిగినప్పుడు పిల్లాడి ఒంట్లో కార్టిసాల్ అనే రసం ఊరుతుంది. అప్పుడప్పుడూ ఊరి తగ్గిపోతే నష్టం లేదు. రోజూ సాయంత్రం అయ్యేసరికి ఊరుతుంటే, నుదుటి వెనక ఉండి "ఆగు, ఆలోచించు" అని చెప్పే భాగాన్నీ, జ్ఞాపకం దాచే హిప్పోకాంపస్‌నీ దెబ్బతీస్తుంది. సీసం దెబ్బ తగిలేదీ అక్కడే. డెబోరా కోరీ-స్లెక్టా అనే శాస్త్రవేత్త ఎలుకలకు చిన్నప్పుడే సీసమూ, ఒత్తిడీ కలిపి ఇచ్చి చూసింది. విడివిడిగా ఇస్తే రాని మార్పులు కొన్ని రెండూ కలిసినప్పుడు వచ్చాయి. మర్చిపోతున్నాడని కొడితే ఇంకా మర్చిపోతాడు. దీనికి ఇంతకంటే మెత్తటి మాట నా దగ్గర లేదు.

ఏం చెయ్యాలో చెబుతాను. సీసం కరిగించడం ఇంట్లోంచి పోవాలి. ఆరుబయట, ఇళ్ళకు దూరంగా, గాలి ఊరివైపు కొట్టని చోట చెయ్యమను, ఆ దరిదాపులకు పిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్ళనీ రానివ్వొద్దు. గుళ్ళు పోసే గరిటె, మూకుడు మళ్ళీ వంటలోకి రాకూడదు. గుండుని పళ్ళతో నొక్కి వలకు బిగించే అలవాటు ఆయనకుంటే అది ఇవాళే మానాలి. అసలు పోసిన గుళ్ళే కొనుక్కుంటే ఆ పొయ్యే ఉండదు. ఇల్లు పొడిచీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్ళీ పడుతుంది, తడిగుడ్డ పెట్టు. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించు. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లాడు, రక్తం తక్కువైన పిల్లాడు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటారు. అందుకని బాబుకి రక్తం ఎంతుందో కూడా చూపించు. పొద్దున్నే రాగిజావ, మునగాకు, తోటకూర, ముల్లుతో సహా నమిలే చిన్నచేపలు పెట్టు. చేపలు మీ ఇంట్లోవే కదా.

రక్తంలో సీసం పరీక్ష ప్రతి ల్యాబులోనూ చెయ్యరు. పెద్ద ల్యాబులు రక్తం తీసి పైకి పంపి చేయిస్తాయి, అమలాపురంలోనో కాకినాడలోనో అడుగు. రక్తంలోని సీసం సగం తగ్గడానికి నెల పైనే పడుతుంది కాబట్టి సెలవులు అయిన వెంటనే చేయిస్తే సంగతి బయటపడుతుంది. ఇంత వరకు ఉంటే ఫరవాలేదు అనే అంకె సీసానికి లేదు. డెసిలీటరుకి, అంటే వంద మిల్లీలీటర్ల రక్తానికి, 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సీసాన్ని బయటికి లాగే మందులు 45 దాటినప్పుడు, ఆసుపత్రిలో ఇస్తారు. జ్ఞాపకశక్తికని ఎవరో ఇచ్చే భస్మాల జోలికి మాత్రం పోకు. నాగభస్మం అంటే సీసపు బూడిదే తల్లీ.

పోయింది మొత్తం తిరిగొస్తుందని నీకు మాటివ్వలేను. కానీ చేతులు ముడుచుకోవాల్సిన పని లేదు. తోమాస్ గిలార్టే అనే ఆయన 2003లో ఒక ప్రయోగం అచ్చువేశాడు. సీసం తగిలిన ఎలుకల్ని ఆటవస్తువులూ, తోటి ఎలుకలూ ఉన్న పెద్ద బోనులో పెంచితే, నీళ్ళలో దారి నేర్చుకోవడంలో వాటి వెనకబాటు తగ్గింది. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా నేనైతే ఆ బాబుని నాన్న పక్కన కూర్చోబెట్టి, సీసం లేని చోట, వల అల్లడం నేర్పించమంటాను. ఒక కన్ను తర్వాత ఒక కన్ను లెక్కపెట్టుకుంటూ అల్లాలి కదా, ధ్యాసకు అంతకంటే మంచి పాఠం నాకు తోచడం లేదు.

*

రావులపాలెం నుంచి ఒక అమ్మ, పసుపులో సీసం కలుపుతారట, నిజమా అని అడిగారు. రంగు నిగనిగలాడటానికి లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు పూసిన సందర్భాలున్నాయి. బంగ్లాదేశ్‌లో 2019లో అంగట్లో తీసిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. అధికారులు దాడులు చేసి, వ్యాపారులకు నచ్చజెప్పాక 2021కి అది సున్నాకి దిగింది. అక్కడ రంగు పూసింది కొమ్ములకే. కాబట్టి "పొడి వద్దు, కొమ్ములు కొని ఆడించుకుంటే చాలు" అనుకోకండి. మరీ మెరిసిపోయే కొమ్ములు కాక మట్టిరంగులో, మొరటుగా ఉన్నవి చూసి కొనండి. పిల్లల కళ్ళకు అంగడి సుర్మా వద్దు, వాటిలో కొన్ని సీసపు రాయి నూరి చేసినవే.

*

"నాకు అయిదో నెల. మాది కొత్తపేట వైపు. మా ఆయన కూలికి చేలల్లో పురుగుమందు కొడతాడండి. దాళ్వాలో సుడిదోమ వస్తే రోజుకి పాతిక ట్యాంకులు కొట్టిన రోజులున్నాయి. ఆ బట్టలు నేనే ఉతుకుతాను. ఆ వాసనకే కడుపులో తిప్పుతుంది. బిడ్డకేమవుతుందోనని రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. మా అత్తగారు, మేమందరం ఇలాగే కన్నాం అంటారు."

తల్లీ, మీ అత్తగారి మాట అబద్ధమని నేననను. ఆవిడ పిల్లలు ఆరోగ్యంగానే తిరుగుతుండవచ్చు. ఈ మందుల చేటు ఒక బిడ్డని చూస్తే తెలిసేది కాదు, అందుకే ఇన్నేళ్ళు ఎవరికీ పట్టలేదు. కాలిఫోర్నియాలో సలీనాస్ లోయ అని, మన డెల్టాలాగే ఊరంతా పొలాలే ఉన్న చోటు. అక్కడ కూలి పనులు చేసుకునే కుటుంబాల్లోని గర్భిణుల్ని 1999 నుంచి బ్రెండా ఎస్కెనాజి అనే ఆవిడ బృందం వెంటాడి చూసింది. క్లోరిపైరిఫాస్, మోనో (మోనోక్రోటోఫాస్) ఏ కోవకి చెందినవో ఆ ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల ఆనవాళ్ళు తల్లి మూత్రంలో ఎంతున్నాయో కొలిచారు. పిల్లలకు ఏడేళ్ళు వచ్చాక చూస్తే, అందరికంటే ఎక్కువ తగిలిన అయిదో వంతు తల్లుల పిల్లలకూ, అందరికంటే తక్కువ తగిలిన అయిదో వంతు తల్లుల పిల్లలకూ తెలివి పరీక్షలో సగటున 7 మార్కుల తేడా ఉంది. ఆ ఏడు మార్కులు ఒక పిల్లాడి మొహం చూసి ఎవరూ కనిపెట్టలేరు. ఊరి బడి మొత్తానికి ఏడేసి తగ్గితే, లెక్కల్లో తప్పేవాళ్ళు ఎంతమంది పెరుగుతారో మేష్టర్ని అడిగితే చెబుతారు.

పురుగుని చంపే కిటుకే బిడ్డకూ తగులుతుంది. నరం నుంచి నరానికి కబురందించే ఎసిటైల్‌కోలిన్ అనే రసం పని అయిపోయాక తుడిచిపెట్టుకు పోవాలి. దాన్ని తుడిచే ఎంజైముని ఈ మందు కట్టేస్తుంది. కడుపులో బిడ్డకైతే ఆ రసం కబుర్ల పని మొదలవకముందే, ఏ కణం ఎటు పెరగాలో దారి చూపే పని చేస్తుంది. పైగా ఈ మందుని విరగ్గొట్టే శక్తి పుట్టబోయే బిడ్డకి మనకున్నంత ఉండదు.

ఇదంతా చదివి ఇంకా నిద్ర పోగొట్టుకోకు. ఆ మోతాదు తగ్గించడం చాలావరకు మీ ఇద్దరి చేతుల్లో ఉన్న పని. ఇవాళ్టి నుంచి ఆ బట్టలు నువ్వు ముట్టుకోవద్దు. ఆయనే, రబ్బరు తొడుగులు వేసుకుని, వేరే బకెట్టులో, ఇంటి బట్టలతో కలపకుండా ఉతుక్కోవాలి. ఇంటికొచ్చాక గుమ్మం బయటే బట్టలు విడిచి, సబ్బుతో తలస్నానం చేశాకే లోపలికి రావాలి. చెప్పులు బయటే ఉండాలి. ట్యాంకు, మందు డబ్బాలు పశువుల పాకలో తాళం వేసిన పెట్టెలో పెట్టమను, మంచం కింద మాత్రం వద్దు. ఆ ట్యాంకు కాలువ రేవులో కడిగితే కింద రేవులో ఇంకో తల్లి గిన్నెలు తోముకుంటుందని చెప్పు. ఖాళీ డబ్బాలు నీళ్ళకూ, నూనెకూ వాడే ఇళ్ళు ఇప్పటికీ చూస్తున్నాను. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది ఆ వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉండబట్టే. మందు కొట్టిన చేలో కలుపుకీ, ఆకుకూరకీ నువ్వు దిగొద్దు. పక్కచేలో కొడుతుంటే కిటికీలు మూసి, ఆరేసిన బట్టలూ వడియాలూ లోపల పెట్టుకో.

నీ దిగులు గురించీ ఒక మాట. తల్లి ఒంట్లో ఊరిన కార్టిసాల్‌ని మావిలో ఉండే ఒక ఎంజైము చాలావరకు విరగ్గొట్టి, బిడ్డ దాకా పోనివ్వదు. రోజుల తరబడి, నెలల తరబడి దిగులుంటే ఆ కాపలా సడలుతుంది. అందుకని నీ నిద్ర కూడా నాకు మందుతో సమానమైన విషయమే. ఇది నీ తప్పని చెప్పడం లేదు. ఇంట్లోవాళ్ళు వినాలని రాస్తున్నాను. వచ్చే పరీక్షకి మీ ఆయన్నీ, వీలైతే అత్తగారినీ వెంటబెట్టుకుని వెళ్ళు. నువ్వు చెబితే వినని మాట ఏఎన్‌ఎం చెబితే వింటారు. రాత్రి మరీ గుండె దడగా ఉంటే, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి, ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

*

"నాకు 58 ఏళ్ళు. మాది ముమ్మిడివరం దగ్గర. మా అమ్మాయి అప్పులు తీరక ఆరు నెలల కిందట కువైట్ వెళ్ళింది. మనవడికి రెండున్నరేళ్ళు. నా దగ్గరే ఉంటాడు. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తాడు. కొరుకుతాడు. ఇరవై ముప్పై మాటలు వచ్చినవాడు ఇప్పుడు చూపుడువేలు చూపించి ఏడుస్తాడు. ఫోన్లో వాళ్ళమ్మ కనిపిస్తే మొహం తిప్పేసుకుంటాడు. అల్లుడు ఆదివారం తాగొచ్చి, డబ్బులు పంపలేదని నా మీద కేకలేసి పోతాడు. అమ్మ వెళ్ళబట్టే వీడిలా అయ్యాడని ఊళ్ళో అంటున్నారు. ఏం చెయ్యను?"

చెల్లమ్మా, ముందుగా ఆ అనేవాళ్ళ నోళ్ళు పక్కన పెట్టు. పరాయి దేశంలో ఇంకొకరి పిల్లల్ని ఎత్తుకుంటూ తన బిడ్డకి డబ్బు పంపుతున్న పిల్లని నిందిస్తే నేను ఒప్పుకోను. మన రెండు గోదావరి పాయల మధ్య అలా వెళ్ళిన తల్లులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పిల్లాడికి అమ్మ కావాలి, ఆ లోటు నిజం. కానీ నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆదివారం.

చిన్నపిల్లాడి మెదడు తన చుట్టూ ఏం జరుగుతోందో దాన్నిబట్టే కట్టుకుంటుంది. వాడు కూస్తే ఎవరో పలకాలి, వాడు వేలు చూపిస్తే ఎవరో అటు చూడాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే కణాలు జతపడతాయి. రుమేనియాలో 1989 చివర చౌషెస్కు ప్రభుత్వం కూలాక, అనాథాశ్రమాల్లో వేలమంది పిల్లలు కనిపించారు. తిండి, మంచం ఉన్నాయి, పలికే మనిషి లేడు. 2000 నుంచి బుఖారెస్ట్‌లో 136 మంది పసివాళ్ళని తీసుకుని, సగంమందిని పెంపుడు కుటుంబాల్లో పెట్టి పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. కుటుంబంలోకి వెళ్ళినవాళ్ళు తెలివిలోనూ, మనుషులకు దగ్గరవడంలోనూ కోలుకున్నారు, రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళు ఇంకా బాగా. నీ మనవడికి ఆ దిక్కులేనితనం లేదు. అమ్మ చెయ్యి వదిలిన రోజు నీ చెయ్యి పట్టుకున్నాడు. ఈ కథలో పెంపుడు కుటుంబం నువ్వే.

అయితే ఆదివారం వాడు చూస్తున్నది, తనకు మిగిలిన ఆ ఒక్క మనిషీ వణికిపోవడం. మెదడులో బాదంగింజంత అమిగ్డాలా అని ఉంటుంది, ప్రమాదం పసిగట్టేది అదే. పెద్ద కష్టం వచ్చినా పక్కన స్థిమితంగా ఒక మనిషి ఉంటే పిల్లాడి ఒళ్ళు సర్దుకుంటుంది. ఆ మనిషికే భయమైతే అమిగ్డాలా కాపలా దిగదు. సోమవారం, మంగళవారం కూడా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతాడు. కొరకడం, రాత్రి లేవడం అందులోంచి వస్తున్నవే అని నా అనుమానం.

దీన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడింది కదా, నీకూ గుర్తుండే ఉంటుంది, తెల్లారి చూస్తే కొబ్బరితోటలు నేలమీద పరుచుకుని ఉన్నాయి. కొన్ని నెలల తర్వాత ఒకామె నాలుగేళ్ళ పాపని తెచ్చింది. గాలి వీస్తే చాలు బట్టలు తడుపుకుంటోంది, తల్లి కొంగు వదలడం లేదు. నేను నులిపురుగుల మందు రాసి, గారం చేసి చెడగొట్టావని ఆ తల్లిని కసిరాను. ఆ రాత్రి వాళ్ళ ఇంటికప్పు లేచిపోయిందనీ, ఆ పిల్లని నడుముకి చీరతో కట్టుకుని ఆమె తెల్లవార్లూ చెట్టు పట్టుకుని నిలబడిందనీ నర్సు చెబితే తెలిసింది. అడిగి ఉంటే నాకే చెప్పేది. ఆ తల్లి మళ్ళీ రాలేదు. ఆమెకి చెప్పాల్సిన మాట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొంగు పట్టుకోనివ్వడం గారం కాదు, ఆ పాపకి అదే మందు.

అందుకని చెల్లమ్మా, ఆదివారం ఆపు. అల్లుడు తాగి లేనప్పుడు, మీ ఊరి పెద్దమనిషినో మీ తమ్ముణ్ణో కూర్చోబెట్టి, పిల్లాణ్ణి చూడాలంటే తాగకుండా పగలు రమ్మని చెప్పించు. అయినా వస్తే ఆ పూట పిల్లాణ్ణి తీసుకుని పక్కింటికి వెళ్ళిపో. చెయ్యి చేసుకునేదాకా వస్తే, ఆడవాళ్ళ సాయానికి ఉన్న 181 నంబరుకి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకు.

అమ్మ ఫోను రోజూ ఒకే వేళకి వచ్చేలా చూడు, అన్నం తినే వేళయితే మంచిది. మొహం తిప్పుకున్నాడంటే మర్చిపోయాడని కాదు, కోపం. "మాట్లాడరా" అని పట్టుకుని తిప్పొద్దు. వాళ్ళమ్మని వాడితో కాక నీతో మాట్లాడమను, వంట సంగతో, వాడు చిన్నప్పుడు చేసిన అల్లరో. వింటూ తనే దగ్గరికొస్తాడు. అమ్మ కట్టి వదిలిన పాతచీర ఒకటి ఉతక్కుండా వాడి పక్కలో వెయ్యి. "అమ్మ విమానమెక్కి పనికెళ్ళింది, వస్తుంది" అని నిజమే చెప్పు. "అల్లరి చేస్తే అమ్మ రాదు", "బూచాడికిచ్చేస్తా", "డాక్టరమ్మ సూదేస్తుంది" ఈ మూడూ మీ ఇంట్లో వినపడకూడదు. కొరికినప్పుడు కొట్టకుండా నోరు వదిలించి, "కోపమొచ్చిందా, అమ్మమ్మకి నొప్పెట్టింది" అని, ఒళ్ళో కూర్చోబెట్టుకో. వాడు వేలు చూపించిన దాని పేరు నువ్వు పలుకు: కాకి, కుక్క, పడవ, కొబ్బరాకు. ఫోన్లో బొమ్మలు పెట్టిచ్చి కూర్చోబెడితే ఇవేవీ జరగవు. అంగన్‌వాడీలో తీసుకుంటే రోజూ ఒక పూట అక్కడికి తీసుకెళ్ళు, నీకూ రెండు గంటలు నడుం వాల్చే వీలుంటుంది. నీ బీపీ ఎప్పుడు చూపించుకున్నావు?

ఒక్క విషయం మాత్రం దిగులు మీదకి నెట్టేసి ఊరుకోవద్దు. రెండున్నరేళ్ళవాడు వచ్చిన మాటలు పోగొట్టుకుంటే, ఇంట్లో కారణం కళ్ళెదుటే కనిపిస్తున్నా సరే, పిల్లల డాక్టరుకి చూపించాల్సిందే. చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయో లేదో, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడో లేదో, కళ్ళలోకి చూస్తున్నాడో లేదో పరీక్ష చేస్తారు. ఈ నెల దాటనివ్వకు. అల్లుడు డబ్బివ్వకపోతే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళు, అక్కడ చిన్నపిల్లల ఎదుగుదల పరీక్షలు ఉచితంగానే చేస్తారు. వెళ్ళేటప్పుడు వాడికి ఇదివరకు ఏ ఏ మాటలు వచ్చో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు. వాళ్ళమ్మని అడిగితే వరసగా చెబుతుంది.